కుండలోని లెక్క, కంచములోని లెక్క

గత కార్తీకమాసమున దేవరకొండ దగ్గర మా అక్కగారి ఊరికి వెళ్ళినప్పుడు, మా బావగారు జేబులోనుండి నాలుగు మడతలు పెట్టిన చీటి యొకటి తీసి మా చేతిలో పెట్టిరి. వారికి చక్కెరవ్యాధి. మందుల పేర్ల క్రింద వైద్యులవారు “1600 కెలోరీలు” అని వ్రాసి, దాని క్రింద రెండు గీతలు గీసియుండిరి. “గోలీలైతే దుకాణంల దొరికినయి బామ్మర్దీ. గివి ఏడ దొరుకుతయి?” అని బావగారు అడిగిరి.

నవ్వులాటకు అడిగినదే యైనను ప్రశ్న సరియైనదే. చీటిలోని అంకె ఒక్కరికి సంబంధించినది. ఇంటిలోని కుండ అందరిదీ. హోటలు భోజనమునకైనను, పొట్లములో వచ్చు తినుబండారమునకైనను ఎవరో యొకరు లెక్క కట్టి అంకె ముద్రింతురు. మన ఇంటి పప్పుచారుకు, వంకాయకూరకు అట్టి ముద్ర యెక్కడను లేదు. ఆ లెక్కను ఇంటివారే ఎట్లు కట్టుకొనవచ్చునో, అట్లు కట్టబోయి మేము ఏమి కనుగొంటిమో ఈ ప్రసంగమున మనవి చేయుదుము.

కెలోరీ యనగా వేడిమిని కొలుచు ప్రమాణము. ఒక కిలోగ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఎంత వేడిమి కావలెనో అంత ఒక కెలోరీ. ఆహారమునకు ఈ కొలతను వర్తింపజేసి, మనుష్యులకు పెట్టి పరీక్షించి లెక్కలు స్థిరపరచినవారిలో ముఖ్యుడు అమెరికాకు చెందిన ఆట్‌వాటర్. ఆయన 1844లో పుట్టి 1907లో మరణించెను. ఆయన తేల్చిన సూత్రము నేటికిని వాడుకలో నున్నది: ఒక గ్రాము పిండిపదార్థము 4, ఒక గ్రాము మాంసకృత్తు 4, ఒక గ్రాము క్రొవ్వు 9 కెలోరీల నిచ్చును. ఈ మూడంకెలు జ్ఞాపకముంచుకొనిన గృహిణికి సగము విద్య వచ్చినట్లే. (శరీరము ఈ శక్తిని ఏ రూపమున చేతిఖర్చుగా దాచుకొనునో కనుగొన్నవారిలో మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారొకరు. 1929లో ఫిస్కేతో కలిసి ఆయన వెల్లడించిన ఎ.టి.పి. అను పదార్థమే ఆ చేతిఖర్చు.)

ఇక ఏ వస్తువులో ఎంత యున్నదో చెప్పు పట్టికలు కావలెను. అందుకు మనము దూరము పోనక్కరలేదు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందిన సంస్థ తార్నాకలోనే యున్నది. గోపాలన్‌గారును, వారి సహచరులును 1971లో ప్రకటించిన పట్టిక దేశమంతటను వాడుకలోనికి వచ్చినది. 2017లో 528 ఆహారవస్తువులతో క్రొత్త పట్టిక వెలువడినది. అందులో శక్తిని కిలోజౌళ్ళలో ఇచ్చిరి గనుక, దానిని 4.184 చేత భాగించినచో కెలోరీలు వచ్చును. రెండు పట్టికలకును కొంచెము తేడా యున్నది కాని, ఇంటిలో కట్టు లెక్కకు అది అడ్డము కాదు. మేము పాత పట్టిక అంకెలనే వాడితిమి.

ఆ అంకెలు చూచినప్పుడు మా బావగారికి మొదటి ఆశాభంగము కలిగినది. “అన్నం బందు జేసి జొన్నరొట్టె తింటే కెలోరీలు తగ్గుతయి” అని వారికి ఎవరో చెప్పియుండిరి. పట్టికలో 100 గ్రాముల బియ్యమునకు 345, జొన్నలకు 349. అనగా జొన్నలదే నాలుగంకెలు ఎక్కువ! మరి జొన్నరొట్టె మేలని వైద్యులు చెప్పుట అసత్యమా? కాదు. జొన్నలలో పీచు ఎక్కువ. రొట్టెను నమిలి నమిలి తినవలెను. వీటికి మించి మాకు తోచినది మరొకటి యున్నది. రొట్టె లెక్కకు అందును, అన్నము అందదు. అక్క 700 గ్రాముల పిండితో పది రొట్టెలు చేయును. ఒక్కొక్క రొట్టెకు 244 కెలోరీలు. “ఎన్ని తింటివి?” అని అడిగినచో ఎవరైనను రెండనియో, మూడనియో చెప్పగలరు. అన్నము ఎంత తింటివన్నచో చేయి త్రిప్పి చూపుదురు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు 2016లోను, తరువాతను అనేక జిల్లాలుగా విడిపోయినవి. అయినను వంటింటి విషయమున ఆ పాత పేర్లే చెప్పుట మాకు సుఖము. ఈ మెట్టనేలలు తరతరములుగా జొన్నలనే తినినవి. 1967లో నాగార్జునసాగరము కాలువలకు నీరు వదలిన తరువాత ఎడమకాలువ క్రింద మిర్యాలగూడ వైపు వరి విస్తరించినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. నీరు లేని దేవరకొండ, అచ్చంపేట వైపుల ఇండ్లలోనికి కూడ అన్నపుకుండ ఆ విధముగా ప్రవేశించినది. 2025 ఉగాదినాడు హుజూర్‌నగర్‌లో ఆరంభించిన సన్నబియ్యపు పథకము ప్రకారము మనిషికి నెలకు 6 కిలోలు. దినమునకు 200 గ్రాములు, అనగా 690 కెలోరీలు. కూర్చుండి పనిచేయు పురుషునికి దినమునకు కావలసిన దానిలో మూడవవంతు ఈ బియ్యముననే వచ్చును.

కెలోరీలు సరిపోయినంత మాత్రమున ఆహారము సరిపోయినట్లు కాదని చెప్పుటకు కూడ ఈ జొన్నలే సాక్ష్యము. కేవలము జొన్నల మీదనే బ్రతుకు పేదలకు మెడచుట్టును, ముంజేతుల మీదను చర్మము నల్లబారి పగులు పెల్లాగ్రా వ్యాధి వచ్చుట గోపాలన్‌గారు మున్నగువారు గమనించి, 1960 నుండి దాని కారణములను శోధించిరి. కడుపు నిండిన వారికే ఆ జబ్బు! కావున ఇచ్చట మేము కట్టునది శక్తి లెక్క మాత్రమే యని పాఠకులు గ్రహింపవలెను.

ఇక నీటి సంగతి. లెక్కలో పొరపాట్లలో సగము నీటి వలననే వచ్చును. నీటికి బరువున్నది, కెలోరీలు లేవు. 1200 గ్రాముల బియ్యము మా అక్క యింట ఉడికి దాదాపు 3300 గ్రాముల అన్నమగుచున్నది. బియ్యములో ఉన్న 4140 కెలోరీలే ఆ అన్నములోను ఉండును గాని ఒక్కటియు పెరుగదు. కావున 100 గ్రాముల అన్నమునకు సుమారు 125. ఇది తెలియక కంచములోని అన్నమును తూచి, దానికి పట్టికలోని బియ్యపు అంకె వేసిన మా మేనల్లుడు, తాను పూటకు ఇద్దరి తిండి తినుచున్నానని హడలిపోయెను.

అంబలికి ఈ లెక్క వేసి చూచినప్పుడు మాకు కొంతసేపు మాట రాలేదు. 100 గ్రాముల జొన్నపిండిని రెండు లీటర్ల నీటిలో కాచినచో పది గ్లాసుల అంబలి వచ్చును. గ్లాసుకు 35 కెలోరీలు. మండువేసవిలో బరువుపని చేయు పురుషునికి దినమునకు 3470 కెలోరీలు కావలెనని 2020 నాటి సిఫారసు. అంబలియే ఆధారమైనచో అతడు వంద గ్లాసులు త్రాగవలెను! గట్క నయము. 250 గ్రాముల జొన్నరవ్వను లీటరు నీటిలో గట్టిగా ఉడికించినచో 100 గ్రాములకు 76 వరకు వచ్చును. దేశమందలి ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసిన పాలమూరు కూలీలు ఆ గట్కయు, తొక్కును తినియే మోసిరి. కడుపు నిండినదనిపించుట వేరు, ఒంటికి అందుట వేరు. అదే అంబలి నేడు బావగారివంటి వారికి ఆకలి తీర్చుచు, కెలోరీలు పెంచని మంచి పానీయమైనది.

ఇక పద్ధతి. బావగారిది కిరాణా దుకాణము గనుక ఇంటిలో కాంటాకు కొదవ లేదు. అక్కకు మాత్రము నవ్వు వచ్చినది. “జొన్నలు తూస్తరు, పత్తి తూస్తరు. వండిన పప్పు తూచుడేంది తమ్మీ?” అనెను. అయినను ఒప్పుకొన్నది. ముందుగా ఖాళీ గిన్నెలన్నిటిని తూచి, ఏ గిన్నె ఎంత బరువో గోడ మీద బొగ్గుతో వ్రాసితిమి. తరువాత పొయ్యిమీదికి పోవు ప్రతి వస్తువును పచ్చిగా తూచుట. చివరకు వంట దించిన పిమ్మట గిన్నెతో సహా తూచి, గిన్నె బరువు తీసివేయుట. ఇంతే.

ఆనాటి పప్పును చూతము. కందిపప్పు 150 గ్రాములు, దాని కెలోరీలు 502. పుంటికూర 100 గ్రాములు, 56. ఉల్లిగడ్డ 50 గ్రాములు, 25. పోపునూనె 20 గ్రాములు, 180. ఉప్పు, పసుపు, మిరపకాయలను విడిచిపెట్టితిమి. మొత్తము 763. దించిన పప్పు 900 గ్రాములు తూగినది. కావున గ్రాముకు 0.85. అక్క గరిటెకు 90 గ్రాములు పట్టును గనుక, గరిటెడు పప్పుకు 76 కెలోరీలు. ఒకసారి గరిటెను కొలుచుకొనిన పిమ్మట ప్రతి దినము కంచము తూచుకొను అవస్థ ఉండదు. పాతకాలమున గిద్దె, సోల, తవ్వ, మానిక అని వంటింటికి వంటింటి కొలతలుండెడివి. అత్తగారు చేతిలో పెట్టిన సోలతోనే కోడలు జీవితాంతము బియ్యము కొలిచెడిది. కాంటా లేని యింట నేటికిని సోలెడు బియ్యము ఎన్ని గ్రాములో ఒక్కసారి దుకాణములో తూపించుకొనినచో చాలును.

వంకాయకూర దగ్గర అక్క ముఖము మారినది. అరకిలో వంకాయలలో ఉన్నవి 120 కెలోరీలు మాత్రమే. 100 గ్రాముల ఉల్లిగడ్డలకు 50. దంచి వేసిన పల్లీలు 50 గ్రాములు, 283. నూనె 45 గ్రాములు, 405! కూర మొత్తము 858లో దాదాపు సగము నూనెదే. వంకాయ పేరుతో మనము తినుచున్నది నూనెను, పల్లీలను. “నూనె తేలకపోతే కూర లెక్క ఉంటదా?” అని అక్క అన్నది. ఆమె మాటలోను న్యాయమున్నది. రుచి లేని కూరను రెండు దినములు తిని మూడవ దినము ఎవరును తినరు.

నూనెను చెంచాలతో లెక్కించుట వ్యర్థమని మా అనుభవము. పోపుకు చెంచా యని వ్రాసికొందుము, చేయి రెండు చెంచాలు వంచును. ఇంతకన్న నెల లెక్క నమ్మదగినది. లీటరు నూనె సుమారు 915 గ్రాములు తూగును, అందులో 8200 కెలోరీలకు పైగా ఉండును. ఐదుగురు తిను యింట నెలకు నాలుగు లీటర్లు ఖర్చైనచో మనిషికి దినమునకు సుమారు 220 కెలోరీలు నూనె వలననే చేరుచున్నవి. దీనికి చెంచా అక్కరలేదు, ఖాళీ ప్యాకెట్లు దాచిన చాలును. సకినాలు, గారెలు వేయించు దినమున మూకుడులోని నూనెను ముందొకసారి, చల్లారిన పిదప మరొకసారి తూచినచో పిండి ఎంత పీల్చినదో తేలును.

ఇంతవరకు కుండలోని లెక్క. ఆ దినమున ఇంటిలో ఖర్చైనదంతయు కూడితిమి. బియ్యము 4140, జొన్నపిండి 2443, పప్పు 763, వంకాయకూర 858, అరలీటరు బఱ్ఱెపాలు 585, చాయలోని చక్కెర 199, పల్లీల తొక్కు 373. మొత్తము 9361. ఇల్లు తినువారు ఐదుగురు: బావగారు, అక్క, వ్యవసాయము చేయు మా మేనల్లుడు, వాని భార్య, ఎనిమిదేండ్ల పిల్లవాడు. ఐదు నెలల పసిపాప తల్లిపాల మీద ఉన్నది.

ఈ మొత్తమును ఐదు చేత భాగించుట తగదు. తార్నాక సంస్థలో 1972లో ఏర్పడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ సంస్థవారు గ్రామములలో ఇంటింటికి పోయి కప్పులతో వంటలు కొలిచి సర్వేలు చేసిరి. వారి లెక్కలో కూర్చుండి పనిచేయు పురుషుడు ఒక పాలు. ఓ మోస్తరు పనిచేయు పురుషునికి 1.2, అట్టి స్త్రీకి 0.9, ఇంటిపట్టున ఉండు స్త్రీకి 0.8, ఎనిమిదేండ్ల పిల్లవానికి 0.7. మా అక్క యింటికి మొత్తము 4.6 పాళ్ళు వచ్చినవి. పాలుకు 2035 కెలోరీలు. బావగారికి 2035, అక్కకు 1630, మేనల్లునికి 2440, కోడలికి 1830, పిల్లవానికి 1425. కాగితము మీద ఇల్లు ఏదో విధముగా నడచుచున్నట్లే కనబడెను. బావగారికి నాలుగు వందలు తగ్గించినచో మా పని తీరునని సంతోషించితిమి.

మరునాడు కంచములు తూచితిమి. వడ్డించిన ప్రతిసారి కంచమును కాంటా మీద పెట్టుట, తిని లేచిన పిదప మిగిలినది తీసివేయుట. బావగారికి వచ్చినది 2350. మేనల్లునికి 2700, పిల్లవానికి 1450, అక్కకు 1500. కోడలి అంకె కొరకు రాత్రి పదిగంటల వరకు కూర్చుండవలసివచ్చెను. అందరును తినిన పిమ్మట ఆమె అడుగు అన్నము, చల్ల, తొక్కు పెట్టుకొని వంటింటి గడప దగ్గర తినెను. వంకాయకూర గిన్నెలో అప్పటికి మసాలా మాత్రము మిగిలియుండెను. ఆ దినమంతయు కూడగా ఆమెకు వచ్చినది 1360.

ఓ మోస్తరు పనిచేయు స్త్రీకి 2130 కెలోరీలు, పాలిచ్చు మొదటి ఆరు నెలలలో దానికి తోడు మరి 600 కావలెనని 2020 నాటి సిఫారసు చెప్పుచున్నది. మొత్తము 2730. ఆ అమ్మాయి తినినది సరిగా సగము. తక్కువ తినుమని చీటి వ్రాయించుకొన్న మనిషి 2350 తినుచుండగా, ఎక్కువ తినవలసిన మనిషికి చీటి వ్రాసినవారే లేకపోయిరి. మా తెలివితక్కువ కూడ ఇచ్చట బయటపడినది. మూడు దినములు ఆ యింట తినియు, ఆమె ఎప్పుడు తినునో మేము చూడనే లేదు.

కుండ లెక్కలో ఇది ఎందుకు తేలలేదు? పాళ్ళ ప్రకారము అందరును పంచుకొందురని ఆ లెక్క ముందుగానే అనుకొనును గనుక. కుండకు పంపకము తెలియదు. పైగా కూరలో నూనె పైకి తేలును. మొదట వడ్డించుకొన్నవారికి ఆ నూనె వచ్చును, చివరివారికి పులుసు మిగులును. బరువు సమముగా పంచినను కెలోరీలు సమముగా పంచినట్లు కాదు.

“నాకేం అక్కెర లేదు మామా, కడుపు నిండింది” అని ఆ అమ్మాయి చెప్పినది. అంబలి గ్లాసు మాకు జ్ఞాపకము వచ్చెను. అక్క మాత్రము కాగితము వంక చాలసేపు చూచి, “మేం గిట్లనే తిన్నం తమ్మీ. మమ్ముల ఎవరు తూచిండ్రు?” అన్నది. కోపముగా అన్నదో, బాధతో అన్నదో మేము అడుగలేదు. బాలింత పథ్యమని పచ్చికూరలు, పప్పు, పెరుగు మాన్పించి కారపుపొడి అన్నముతో నెలలు గడిపించు ఆచారము మన వైపు ఇంకను కొన్ని యిండ్లలో ఉన్నది. శరీరము రెండు ప్రాణములకు వండుచున్న దినములలోనే దానికి తిండి తగ్గించుట! ఈ ఆచారమును పెద్దల మాటయని గౌరవించుటకు మేము సిద్ధముగా లేము.

మరునాటి నుండి అక్క చేసిన మార్పులు చిన్నవి. వంట దించగానే, ఎవరికిని వడ్డింపకముందే, కోడలి వంతు ఒక మూతగిన్నెలోనికి తీసిపెట్టును. నూనె తేరిన పైకూర కూడ అందులో పడును. సాయంత్రము నాలుగింటికి పాపకు పాలిచ్చిన తరువాత ఆమెకు పిడికెడు పల్లీలు, బెల్లపుముక్క ఇచ్చును. 50 గ్రాముల పల్లీలకు 283, 20 గ్రాముల బెల్లమునకు 77, అనగా 360 కెలోరీలు. ఒక్కొక్కనాడు వాటికి బదులు రొట్టెను చిదిమి బెల్లము కలిపి మలీద చేయును. బావగారి రాత్రి భోజనము రెండు రొట్టెలు, పప్పు, ఒక గ్లాసు పలుచని చల్లగా మారినది. వంకాయకూరకు నూనె 45 నుండి 30 గ్రాములకు దిగినది. అంతకు దించుటకు అక్క ఒప్పుకొనలేదు. మేమును పట్టుపట్టలేదు. (ఎవరికి ఎంత తగ్గింపవలెనో, ఎంత పెంచవలెనో నిర్ణయించుట వైద్యుల పని. చక్కెరకు మందులు వాడువారు తమంతట తాము తిండి తగ్గించుకొనరాదు.)

సంక్రాంతికి మరల వెళ్ళినప్పుడు ఒక దినము తూచి చూచితిమి. బావగారు 1800 దగ్గర ఉండిరి. చీటిలోని అంకె ఇంకను రెండు వందల దూరములో నున్నది. కోడలికి 2250 వచ్చినది. అక్క కంచము మాత్రము ఆనాడు తూచుటకు దొరకలేదు. “నన్నెందుకు?” అని నవ్వి, సకినాల పిండి కలుపుటకు లేచిపోయెను. గోడ మీద బొగ్గుతో వ్రాసిన గిన్నెల బరువులు పండుగ సున్నములో కలిసిపోయినవి. మనుమడు పలకబలపముతో వాటిని తలుపు వెనుక మరల వ్రాయుచుండెను.